జబ్బమీది క్షయ టీకా మూత్రాశయ కేన్సర్‌కు మందైంది

నొప్పి లేకుండా పడే రక్తాన్ని ‘వేడి’ అని వదిలేస్తే ముప్పు

(కొండపి విలేకరి)

పుట్టిన పసిబిడ్డ ఎడమ జబ్బకు వేసే క్షయ టీకా బి.సి.జి. గురించి తెలియని తల్లి మన జిల్లాలో ఉండదు. అయితే ఆ టీకాలోని క్రిమినే మూత్రాశయంలోకి ఎక్కించి అక్కడి కేన్సర్‌ను అదుపు చేస్తున్నారంటే మన గ్రామాలలో చాలామంది నమ్మరు. కొండపి మండలంలోని ఒక పొగాకు రైతు కూడా మొదట నమ్మలేదు. “క్షయ మందు నాకెందుకండీ, నాకు దగ్గే లేదు కదా అని డాక్టరు గారితో వాదం పెట్టుకున్నాను” అని ఆయన ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నారు.

ఆ రైతు వయస్సు 64 ఏళ్లు. ఇంట్లో పెళ్లికి ఎదిగిన మనవరాలు ఉన్నందున తన పేరు వేయవద్దని కోరారు. “పేరు లేకపోయినా సంగతి మాత్రం రాయి అబ్బాయ్. నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకుండా ఉంటారు” అన్నారు.

కషాయం తాగాడు, రక్తం ఆగింది

మూడేళ్ల క్రితం సంగతి. బ్యారన్ కాల్చే రోజులు. తెల్లవారుజామున మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. రాత్రంతా బ్యారన్ దగ్గర నిద్రకాచినందువల్ల వేడి చేసిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. పల్లేరు కాయల కషాయం కాచి ఇచ్చారు. బార్లీ నీళ్లు, మజ్జిగ తాగించారు. మూడో రోజుకు మూత్రం తేటపడింది. కషాయం గుణమిచ్చిందని సంతోషించారు.

నాలుగు నెలలకు మళ్లీ ఎరుపు కనిపించింది. ఈసారి ఊళ్లోని ఆర్.ఎం.పి. రెండు రోజులు సూదిమందు వేశాడు. అదీ తగ్గింది. మరి కొన్ని నెలలకు మూడోసారి వచ్చినప్పుడు రక్తం గడ్డలుగా పడి మూత్రం బిగిసింది. అప్పుడు కోడలు పట్టుబట్టి ఒంగోలు తీసుకువెళ్లింది. స్కానింగ్‌లో మూత్రాశయం లోపలి గోడకు చిక్కుడు గింజంత కంతి కనిపించింది.

ఇందులోని తిరకాసును ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసి ఉంది. మూత్రాశయంలో కంతి ఉన్నవారికి రక్తం రోజూ పడదు. ఒకటి రెండు రోజులు పడి, దానంతట అదే ఆగుతుంది. వారాలు, ఒక్కోసారి నెలలు మళ్లీ కనిపించదు. ఆగే సమయానికి ఏది తాగి ఉంటే దానికే పేరు వస్తుంది. కషాయం తాగినవారు కషాయం వల్ల అంటారు, సూది వేయించుకున్నవారు సూది వల్ల అంటారు. మందు ఏమీ తీసుకోనివారికి కూడా అలాగే ఆగుతుంది. రక్తం ఆగినంత మాత్రాన కంతి పోయినట్లు కాదు. అది లోపల పెరుగుతూనే ఉంటుంది.

మూత్రంలో ఎరుపు కనిపించిన ప్రతి ఒక్కరికీ కేన్సర్ ఉంటుందని భయపడనక్కరలేదు. రాళ్లవల్ల, చీము పట్టడంవల్ల, మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడంవల్ల కూడా రక్తం పడవచ్చు. బీట్‌రూట్ తిన్నా రంగు మారవచ్చు. క్షయకు రిఫాంపిసిన్ బిళ్లలు వాడేవారికి మూత్రం నారింజ రంగులో రావడం మామూలే. అయితే ఏ కారణంవల్ల వచ్చిందో తేల్చవలసింది పరీక్ష. ఇంట్లో కూర్చుని ఊహించడం కాదు. ముఖ్యంగా నడివయస్సు దాటినవారు, చుట్ట బీడీ సిగరెట్టు అలవాటున్నవారు నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం కనిపించినా మూత్ర పరీక్ష, స్కానింగ్ చేయించుకోవాలి. అవసరమైతే వైద్యుడు మూత్రనాళం గుండా సన్నని దుర్భిణి గొట్టం పంపి మూత్రాశయం లోపల చూస్తారు.

ఈ జబ్బు మగవారిలో ఎక్కువ. ఆడవారికంటే దాదాపు మూడు నాలుగు రెట్లు. కాని ఆడవారిలో వచ్చినప్పుడు ఆలస్యంగా బయటపడుతుంది. ఎరుపు కనిపిస్తే నెలసరి అని, మూత్రంలో చీము అని సరిపెట్టుకోవడమే ఇందుకు ఒక కారణం. ముట్లుడిగిన తల్లులు, అవ్వలు ఈ సంగతి కోడళ్లకు, కూతుళ్లకు చెప్పుకోవడానికి సిగ్గుపడకూడదు.

పొగ ఊపిరితిత్తులతో ఆగదు

“చుట్ట తాగితే గుండె, ఊపిరితిత్తులు పోతాయని విన్నాను. ఉచ్చ సంచికి దానికి ఏం సంబంధం?” అని రైతు వైద్యుణ్ణి అడిగారట. సంబంధం ఉంది. పొగలోని విషపదార్థాలు ఊపిరితిత్తుల ద్వారా రక్తంలో కలుస్తాయి. మూత్రపిండాలు వాటిని వడకట్టి మూత్రంలోకి పంపుతాయి. ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయంలో నిలవ ఉంటుంది. అలా ఏళ్ల తరబడి లోపలి పొర ఆ విషంలో నానుతుంది. పొగ తాగేవారికి ఈ కేన్సర్ ముప్పు తాగనివారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈ జబ్బు వచ్చినవారిలో దాదాపు సగం మందికి పొగాకే మూలం.

రసాయనాలకూ ఈ జబ్బుకూ ఉన్న లంకెను జర్మనీలో 1895లోనే కనిపెట్టారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు, రంగులు తయారుచేసే కర్మాగార కార్మికులలో మూత్రాశయపు కంతులు కనిపిస్తున్నాయని లోకానికి చెప్పాడు. ఆ రంగులలో ఉండే కొన్ని రసాయనాల జాతివే పొగాకు పొగలోనూ ఉన్నాయని తరువాత తేలింది.

పొగాకు మన జిల్లాకు అన్నం పెట్టే పైరు. ఆ మాట కాదనేవారు లేరు. కాని పండించిన ఆకును తానే కాల్చుకోవాలని ఏ రైతుకూ నియమం లేదు. చుట్ట మానేసిన రోజునుంచీ ముప్పు కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది.

ఆవు క్షయ క్రిమి, 13 ఏళ్ల తపస్సు

బి.సి.జి. కథ ఫ్రాన్సులోని లీల్ నగరంలో మొదలైంది. అక్కడి పాశ్చర్ సంస్థలో ఆల్బెర్ కాల్మెట్ అనే వైద్యుడు, కామిల్ గెరాన్ అనే పశువైద్యుడు కలిసి 1908లో ఆవులకు వచ్చే క్షయ క్రిమిని తీసుకున్నారు. పశువుల పిత్తరసంలో ఉడికించిన బంగాళాదుంప ముక్కలమీద దానిని పెంచారు. కొన్ని వారాలకొకసారి కొత్త ముక్కలమీదికి మార్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం ఆ నగరాన్ని ఆక్రమించినా పని ఆపలేదు. 13 ఏళ్లలో 230 సార్లు మార్చేసరికి క్రిమికి జబ్బు తెచ్చే శక్తి పోయింది, ఒంటికి కాపలా నేర్పే శక్తి మాత్రం మిగిలింది. 1921లో తొలిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. ఆ ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలే బి.సి.జి.లో ఉన్నాయి.

ఈ టీకాకు మన రాష్ట్రంతోనూ అనుబంధం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం వైద్యులు 1950వ దశకంలో చుట్టుపక్కల గ్రామాలలో దీనిమీద పరిశోధన జరిపారు. మద్రాసు గిండీలో 1948లో టీకా తయారీ కేంద్రం పెట్టారు. ఒక మాట ఇక్కడ చెప్పాలి. పెద్దవారి చేతులమీద కనిపించే వెడల్పాటి మచ్చలు చాలావరకు మశూచి టీకావి. బి.సి.జి. మచ్చ ఎడమ జబ్బమీద చిన్నదిగా ఉంటుంది. చిన్నప్పుడు ఈ టీకా వేయించుకున్నవారికి మూత్రాశయ కేన్సర్ రాదని అనుకోకూడదు. ఆ టీకా వేరు, ఈ చికిత్స వేరు.

తొమ్మిది మంది రోగులు

క్షయ ఉన్నవారిలో కేన్సర్ తక్కువగా కనిపిస్తున్నదని అమెరికాలో రేమండ్ పెర్ల్ అనే శాస్త్రజ్ఞుడు 1929లో రాశాడు. శవపరీక్షల వివరాలు చూసి ఆయన ఈ మాట చెప్పాడు. అప్పట్లో అది తేలని సంగతిగానే మిగిలిపోయింది. ఆ తరువాత చాలా ఏళ్లకు, 1976లో, కెనడాలోని కింగ్‌స్టన్‌లో పనిచేస్తున్న అల్వారో మొరేల్స్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి ఒక చిన్న నివేదిక ప్రకటించాడు. మూత్రాశయపు కంతులు మళ్లీ మళ్లీ వస్తున్న 9 మంది రోగులకు బి.సి.జి.ని నేరుగా మూత్రాశయంలోకి ఎక్కించగా కంతులు తిరిగి రావడం బాగా తగ్గిందని అందులో ఉంది.

వారానికొకటి చొప్పున ఆరు వారాలు అనే లెక్క కూడా అప్పుడే పడింది. అందులో పెద్ద శాస్త్రం లేదు. అప్పుడు దొరికిన మందు ఆరు సీసాల పెట్టెగా వచ్చేది, అంతే! అయినా ఆ లెక్కే నేటికీ నిలిచింది. అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 1990లో ఈ చికిత్సను ఆమోదించింది.

ఇది ఎలా పనిచేస్తుంది? ఊరి చివర దొంగలు మాటువేసి ఉన్నా కాపలావాళ్లు వాళ్లను మన ఊరివాళ్లే అనుకుని వదిలేస్తే ఏం జరుగుతుందో, కేన్సర్ కణాల విషయంలో ఒంట్లో అదే జరుగుతుంది. బి.సి.జి. క్రిములు మూత్రాశయం గోడకు అంటుకుని కంతి కణాలలోకి దూరతాయి. క్రిమి వాసన తగలగానే ఒంటి కాపలాదళం గుంపులుగా పరుగెత్తి వస్తుంది. క్రిమితోపాటు కేన్సర్ కణాలమీదా పడుతుంది.

ఈ మందు అందరికీ కాదు. కొత్తగా కనుగొన్న మూత్రాశయ కేన్సర్లలో నాలుగింట మూడు వంతులు కండపొర దాకా పోకుండా లోపలి పొరలలోనే ఉంటాయి. వాటిని దుర్భిణి గొట్టం ద్వారా గీకి తీసివేస్తారు. పొట్ట కోయనక్కరలేదు. తీసిన ముక్కను పరీక్షకు పంపుతారు. తిరగబెట్టే గుణం, ముదిరే గుణం ఎక్కువగా ఉన్నదని తేలినవారికి బి.సి.జి. ఇస్తారు.

మోతాదులు మానితే ఏమవుతుంది?

మన రైతుకు కంతి తీశారు. ఆరు వారాలు బి.సి.జి. ఎక్కించారు. తరువాత మూడో నెలలో మళ్లీ మూడు వారాలు రావాలని చెప్పారు. సరిగ్గా అప్పుడే వేలం రోజులు వచ్చాయి. బేళ్లు వేలం కేంద్రానికి తోలాలి. ఒంట్లో బాధ లేదు. మందు ఎక్కించిన రోజు మాత్రం మూత్రంలో మంట, పదే పదే వెళ్లవలసి రావడం, సాయంత్రానికి కాస్త జ్వరం. “బాగున్నవాణ్ణి పోయి బాధ కొనితెచ్చుకోవడమెందుకు అనుకున్నాను” అని ఆయన అన్నారు. ఆ మూడు మోతాదులూ ఎగవేశారు. తరువాతి తనిఖీకి కూడా వెళ్లలేదు. ఏడాది తిరగకముందే కంతి మళ్లీ కనిపించింది.

మోతాదులు మానినందువల్లే వచ్చిందని ఒక మనిషి విషయంలో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అన్నీ వేయించుకున్నా కొందరికి తిరగబెడుతుంది. ఈ చిక్కు విడదీయడానికే వైద్యశాస్త్రంలో పోటీ పరిశోధనలు చేస్తారు. ఒకే రకం రోగులను వందల సంఖ్యలో తీసుకుని, చీటీలు వేసినట్లుగా రెండు జట్లు చేస్తారు. ఏ జట్టులో ఎవరు పడాలో రోగి చేతిలో గాని వైద్యుడి చేతిలో గాని ఉండదు. ఒక జట్టుకు పాత పద్ధతి, రెండో జట్టుకు కొత్త పద్ధతి. అందరినీ ఏళ్ల తరబడి కనిపెట్టి చూసి లెక్క తేలుస్తారు. రోగి ఇష్టపడి సంతకం చేస్తేనే చేర్చుకుంటారు. మధ్యలో మానుకునే హక్కు అతనికి ఉంటుంది.

అమెరికాలో జరిగిన అటువంటి పరిశోధన ఫలితాలను డోనాల్డ్ లామ్ బృందం 2000లో ప్రకటించింది. ఆరు వారాలతో ఆపినవారిలో సగం మందికి సుమారు 36 నెలలలోగా జబ్బు తిరగబెట్టింది. మూడేళ్లపాటు విడతల వారీగా మూడేసి వారాలు మందు కొనసాగించిన జట్టులో సగం మందికి తిరగబెట్టడానికి సుమారు 77 నెలలు పట్టింది. అయితే విడతలన్నీ పూర్తిగా తట్టుకోగలిగినవారు నూటికి 16 మందే.

అలాగైతే మోతాదులు తగ్గిస్తే రోగికి సుఖంగా ఉండదా అని యూరప్ వైద్యులు ఆలోచించారు. నింబస్ అనే పేరుతో 345 మంది రోగులపై పరీక్షించారు. ఒక జట్టుకు మామూలుగా 15 మోతాదులు, రెండో జట్టుకు 9 మోతాదులు. 2020లో ఫలితం వెలువడింది. 15 మోతాదుల జట్టులో నూటికి 12 మందికి జబ్బు తిరగబెట్టగా, 9 మోతాదుల జట్టులో నూటికి 27 మందికి తిరగబెట్టింది. ఈ తేడా చూసి రోగులకు అన్యాయం జరగకూడదని పరిశోధనను ముందే ఆపివేశారు. వేలం రోజులని, కోతలని, బస్సు చార్జీలని మోతాదులు ఎగవేసేవారు ఈ అంకెలను గుర్తుంచుకోవడం మంచిది.

బి.సి.జి.తో ఆగని జబ్బుకు

బి.సి.జి.కి లొంగని జబ్బుకు ఇటీవలి వరకు మూత్రాశయం తీసివేయడమే ముఖ్యమైన దారి. ఇప్పుడు కొత్త మందులు వస్తున్నాయి. ఒంటి కాపలాదళానికి బలమిచ్చే ఎన్-803 అనే మందును బి.సి.జి.తో కలిపి ఎక్కించడానికి అమెరికా 2024 ఏప్రిల్‌లో అనుమతించింది. పరీక్షించిన 77 మందిలో నూటికి 62 మందికి కేన్సర్ కనిపించకుండా పోయింది.

మొదటినుంచీ బి.సి.జి.కి తోడుగా దుర్వాలుమాబ్ అనే సూదిమందు ఇస్తే ఎలా ఉంటుందో 1,018 మందిపై పరీక్షించారు. 2025లో ఫలితం వచ్చింది. రెండేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు బి.సి.జి. ఒక్కటే వాడిన జట్టులో నూటికి సుమారు 82 మంది, రెండూ వాడిన జట్టులో సుమారు 87 మంది. అదే జాతికి చెందిన మరో మందును బి.సి.జి.తో కలిపి పరీక్షించగా 2025లోనే ఆ ఫలితం నిరాశపరచింది. కనుక కొత్తదల్లా మేలైనది కాదు. పైగా ఇవి ఎంతో ఖరీదైనవి. బి.సి.జి. ఇప్పటికీ మొదటి వరస మందుగానే నిలిచి ఉంది. విదేశాలలో ఈ మందుకు పలుమార్లు కొరత ఏర్పడిందంటే దాని గిరాకీ ఎటువంటిదో తెలుస్తుంది.

జబ్బు కండపొరలోకి దిగితే మాత్రం చికిత్స కఠినం. చాలామందికి మూత్రాశయం తీసివేసి, పేగు ముక్కతో పొట్టమీద దారి చేసి, మూత్రం సంచిలోకి వచ్చేలా అమర్చవలసి వస్తుంది. ఒంట్లో ఇతరచోట్లకు పాకితే సూదిమందుల చికిత్స ఇస్తారు. 1980వ దశకం నుంచి దీనికి వాడిన నాలుగు మందుల కలయికలో ఒకటైన మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసినదేనని తెలుగువారు గుర్తుంచుకోదగ్గ విషయం. పాకిన జబ్బులో రెండు కొత్త మందుల కలయిక సగటు ఆయుస్సును 16 నెలలనుంచి 31 నెలలకు పెంచిందని 886 మందిపై జరిపిన పరిశోధన 2024లో తెలిపింది. ఇది మంచి కబురే. కాని మొదటి రక్తపు చుక్కకే మేలుకున్నవాడికి ఆ దశ రాకుండా చూసుకునే అవకాశం ఉంది.

మందు ఎక్కించిన రోజు జాగ్రత్తలు

సన్నని గొట్టం ద్వారా మందు ఎక్కించాక సుమారు రెండు గంటలు మూత్రం ఆపుకోవాలి. తరువాత నీళ్లు బాగా తాగాలి. ఇది బతికి ఉన్న క్రిమి కనుక ఆ రోజు ఆరు గంటలపాటు మరుగుదొడ్డిలో కూర్చునే మూత్రం పోయాలి. చేలో, గోడవార వెళ్లకూడదు. వెళ్లిన ప్రతిసారీ బ్లీచింగ్ ద్రావణం పోసి, పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి. మంట, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. జ్వరం ఎక్కువైనా, రెండు రోజులు దాటినా ఊళ్లో సూది వేయించుకుని ఊరుకోకుండా మందు ఎక్కించిన వైద్యుడికి వెంటనే తెలియజేయాలి. క్షయ ఉన్నవారు, మూత్రంలో రక్తం పడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

గుంటూరు, కర్నూలు వంటి చోట్ల ప్రభుత్వ బోధనాసుపత్రులలో మూత్రవ్యాధుల వైద్యులు ఉన్నారు. విశాఖపట్నంలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. జనం ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే ప్రభుత్వ పథకం కింద ఏయే చికిత్స ఉచితమో ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటరు దగ్గర ముందే అడిగి తెలుసుకోవాలి. పాత స్కానింగ్ కాగితాలు, ముక్క పరీక్ష రిపోర్టు పారవేయకుండా ఒక సంచిలో భద్రపరచుకోవాలి.

మన రైతుకు రెండోసారి వచ్చిన కంతి అదృష్టవశాత్తు చిన్నది. కండపొర దాకా దిగలేదు. దానినీ తీసివేశారు. బి.సి.జి. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఈసారి తేదీలన్నీ కోడలు గోడమీది క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టింది. కిందటి నెల వేలం రోజే మోతాదు తేదీ పడింది. బేళ్ల వెంట కొడుకు వేలం కేంద్రానికి వెళ్లాడు, ఈయన బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లారు.

“చుట్ట మానేశారా బాబాయ్?” అని అడిగితే, జేబు తిరగేసి చూపించారు. అందులో బస్సు టిక్కెట్టు, ఆసుపత్రి చీటీ తప్ప మరేమీ లేవు.